వేరుముడి పురుగుల వర్గీకరణము: చిట్‌వుడ్ వ్యాసముపై ఒక పరిశీలన

వంగ, టొమాటో, బెండ మొక్కల వేళ్లపై బుడిపెలు పుట్టించు నులిపురుగులను 1949 వరకు శాస్త్రజ్ఞులలో చాలమంది ఒకే జాతిగా లెక్కించిరి. ఆ యేట అమెరికా శాస్త్రజ్ఞుడు బి. జి. చిట్‌వుడ్ ప్రకటించిన వ్యాసము ఈ అభిప్రాయమును మార్చివైచినది. ఆయన మెలాయిడోగైనీ అను ప్రజాతిని పునరుద్ధరించి, అందు ఐదు జాతులను, ఒక ఉపభేదమును వివరించెను.

ఆడపురుగు వెనుక కొసన చర్మముపై కనబడు గీతల అమరిక ఆయన గీటురాళ్లలో ముఖ్యమైనది. సూక్ష్మదర్శిని గలవారెవరైనను ఈ గీతలను పోల్చి చూడవచ్చును. ఏ జాతి ఏ పంటను ఆశ్రయించునో విడదీసి పరీక్షించుటకు దీనివలన వీలు కలిగినది. ఆ వ్యాసమునకు గల గొప్పతనమిదే.

ఈ గీతలను వ్రేలిముద్రలతో పోల్చుట పరిపాటి. కాని వ్రేలిముద్ర మనిషిని పట్టియిచ్చును గాని వంశమును పట్టియీయదు. ఇంకాగ్నిటా జాతిలో ఒకే తల్లి సంతానమునందు సైతము గీతలు మారుచుండునని 1960లో ట్రయాంటాఫిలో, సాసర్ చూపిరి. ఆ జాతికి చిట్‌వుడ్ చేర్చిన 'అక్రిటా' ఉపభేదమును తరువాతివారు విడిచిపెట్టిరి.

క్రోమోజోముల విషయములో చిక్కు మరింత లోతైనది. హాప్లా జాతిలో రెండు తెగలున్నవని ట్రయాంటాఫిలో 1966లో తెలిపెను. మొదటి తెగ అండములలో క్షయకరణ విభజన జరుగును. ఏకస్థితిలో క్రోమోజోములు 13 నుండి 17 వరకు ఉండును. రెండవ తెగలో ఆ విభజన లేదు. మగపురుగుతో పనిలేకయే సంతానము కలుగును. క్రోమోజోములు 30 నుండి 48 వరకు ఉండును. గీతలను బట్టి మాత్రము రెండును హాప్లాయే.

అట్లని క్రోమోజోముల లెక్కయే సర్వస్వమనుటయు తగదు. అరెనేరియా జాతిలో ఒక తెగ వేరుసెనగను పాడుచేయును. మరియొకటి దానిపై వృద్ధిచెందదు. ఈ భేదమును గీతలు చెప్పవు, క్రోమోజోముల సంఖ్యయు చెప్పదు. జాతి పేరు ఒక్కటే చూచి పంటమార్పిడికి వేరుసెనగను ఎన్నుకొన్న రైతు పంటను పోగొట్టుకొనవచ్చును. మానుకొన్నవాడు మంచి అవకాశమును పోగొట్టుకొనవచ్చును.

చిట్‌వుడ్ వేసిన దారి సరియైనదే. దానినే గమ్యముగా భావించుట తరువాతివారి పొరపాటు. గీతలు చూచి జాతిని ఊహించి, ఎంజైములతోను డి.ఎన్.ఎ.తోను నిర్ధారించి, ఆ పొలములోని పురుగులనే మొక్కలపై పెంచి చూచినగాని రైతుకు సలహా చెప్పరాదు.