పగడాల నీటికి సున్నపు తేట

పగడపు జీవి తన గూటిని సముద్రజలంలోని కాల్షియంతో, కార్బొనేటుతో కట్టుకుంటుంది కనుక, గాజుతొట్టిలో పెంచే పగడాలు ఎంత ఏపుగా ఎదిగితే ఆ నీటిలో ఈ రెండూ అంత త్వరగా తరిగిపోతాయి. సహజ సముద్రజలంలో లీటరుకు సుమారు 420 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉంటాయి; ఆమ్లాన్ని విరిచే శక్తి అయిన క్షారత, ఆక్వేరియం పెంపకందార్లు వాడే జర్మన్ డిగ్రీల్లో, 7కు అటూఇటుగా ఉంటుంది. కాల్షియం నిల్వ పెద్దది, క్షారత నిల్వ చిన్నది; లీటరుకు 20 మిల్లీగ్రాముల కాల్షియం ఖర్చయ్యేసరికి క్షారత 2.8 డిగ్రీలు పడిపోతుంది కాబట్టి, తొట్టిలో తేడాను ముందుగా పట్టిచ్చేది క్షారతే.

ఈ తరుగును పూడ్చడానికి జర్మన్ ఆక్వేరియం సంప్రదాయం సున్నపు తేటను ఎంచుకుంది. 1970ల నుంచి పీటర్ విల్కెన్స్ రచనలు దానికి ప్రాచుర్యం తెచ్చాయి. శుద్ధమైన కాల్షియం హైడ్రాక్సైడును, లవణాలు తొలగించిన నీటిలో లీటరుకు 2 గ్రాములకు మించకుండా కలిపి, మూతపెట్టి, మడ్డి అడుక్కి దిగాక పైనున్న తేటను మాత్రమే తీసి, తొట్టిలో ఆవిరైన నీటికి బదులుగా చుక్కలు చుక్కలుగా వదులుతారు. తేటలోని హైడ్రాక్సైడు నీటిలో కరిగివున్న కార్బన్ డయాక్సైడును పట్టుకుని బైకార్బొనేటుగా మారుతుంది. పగడం ఏ పాళ్లలో తీసుకుందో ఆ పాళ్లలోనే కాల్షియమూ క్షారతా తిరిగి చేరతాయి, వెనక అక్కరలేని లవణమేదీ మిగలదు. ఈ పద్ధతి ఘనతంతా ఇక్కడే ఉంది. మూత ఎందుకంటే, బడిలో గొట్టంతో ఊపిరి ఊదినప్పుడు సున్నపు తేట పాలలా తెల్లబడ్డట్టే, గాలి తగిలిన తేటపై కాల్షియం కార్బొనేటు పొర కట్టి దాని సత్తువ పోతుంది. తమలపాకు సున్నం ఇందుకు పనికిరాదు. దాని శుద్ధికి పూచీ లేదు.

తేట పీహెచ్ 12కు పైమాటే. పగడాల ఒంట్లోని శైవలాలు వెలుగు లేక కార్బన్ డయాక్సైడును వాడుకోని రాత్రివేళ తొట్టి పీహెచ్ దిగజారుతుంది కనుక, తేటను అప్పుడు వదలడం మేలు. తొందరపడి ఒక్కసారే పోస్తే కాల్షియం కార్బొనేటు తెల్లగా విడిపడి పంపు రెక్కల మీదా హీటరు మీదా పేరుకుంటుంది, పెంచబోయిన రెండూ మునుపటికన్నా తగ్గుతాయి. ఎదిగే స్ఫటికం పైకి చేరి ఈ విడిపాటును నెమ్మదింపజేసేది మెగ్నీషియమే. అందుకే అది తగ్గిన తొట్టిలో కాల్షియం ఎంత పోసినా నిలవదు.

ఆవిరయ్యే నీటికి మించి తేట పోయడం కుదరదు కాబట్టి పగడాలు కిక్కిరిసిన తొట్టికి ఇది చాలదు. అక్కడ హన్స్ వెర్నర్ బాలింగ్ పద్ధతిలో కాల్షియం క్లోరైడునూ వంట సోడానూ విడివిడిగా పోసి, వాటివల్ల మిగిలే మామూలు ఉప్పుకు సరిజోడుగా సోడియం క్లోరైడు లేని సముద్ర లవణాలను కలుపుతారు. ఇక పాళ్లే చెడి క్షారత ఒక్కటే తగ్గితే తేట దాన్ని సరిదిద్దలేదు. 100 లీటర్లకు 3 గ్రాముల వంట సోడా ఒక డిగ్రీ పెంచుతుంది, రోజుకు అంతకు మించకపోవడం క్షేమం.

వీటన్నిటికన్నా ముందు కొలవవలసింది లవణీయత. వెయ్యింటికి 35 పాళ్లు ఉండవలసిన ఉప్పు 30కి జారితే కాల్షియం 360కీ, మెగ్నీషియం 1,100కీ, క్షారత 6కీ దిగి కనబడతాయి. లోటు ఒక్క ఉప్పుదే అయినప్పుడు మూడు సీసాల ద్రావణాలు పోసినవారికి ఆ లోటు తీరదు సరికదా, బాగున్న పాళ్లు కూడా చెడతాయి.