ఆపడం తెలిసిన చెయ్యి

మన చెరువు గట్ల మీద గాలం వేసేవాళ్లను చూసి పెరిగిన కళ్లకు, ఫ్లై రాడ్ పట్టుకున్న మనిషి చేసే పని ఓ పట్టాన అర్థం కాదు. మనవాళ్లు కొక్కేనికి ఎర గుచ్చి, దారానికి చిన్న సీసం గుండు కట్టి ఒక్క విసురు విసురుతారు. బరువు ముందు పోతుంది, దారం దాని వెంట పోతుంది. ఇక్కడ విసరడానికి ఆ బరువే లేదు. బుల్లి కొక్కేనికి ఈకలూ దారప్పోగులూ చుట్టి కట్టిన ఉత్తుత్తి ఈగ (ఫ్లై) అది. అరచేతిలో పెట్టుకుని గట్టిగా ఊదితే ఎగిరిపోతుంది. ఎంత బలంగా విసిరినా మన కాళ్ల దగ్గరే పడుతుంది. అందుకని బరువంతా దారంలోకే ఎక్కించారు. దారమంటే సన్నది కాదు, పూత పూసిన లావుపాటి లైను. ఆ లైను పోతూ పోతూ తన కొసన ఈగను మోసుకుపోతుంది. ఈ విద్య మొత్తం ఈ తిరకాసులోంచే పుట్టింది.

లెక్క చెప్పుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. కొత్తవాళ్ల చేతికి సాధారణంగా తొమ్మిదడుగుల రాడ్, అయిదో నంబరు లైను ఇస్తారు. ఆ లైనులో మొదటి 30 అడుగుల బరువు 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. రాయిని విసరొచ్చు, బంతిని విసరొచ్చు. 30 అడుగుల పొడవునా పరుచుకుని ఉన్న 9 గ్రాములను విసరడం ఎలా? ముందు దాన్ని గాలిలో మన వెనక్కి పంపాలి. అది అక్కడ తిన్నగా చాపుకునే దాకా ఆగాలి. నేలకు జారకముందే ముందుకు తేవాలి. వెనక విసురు, ముందు విసురు, మధ్యలో ఒక ఆగు. చూడ్డానికి ఇంతే. కానీ పుట్టు బలశాలి కూడా మొదటి రోజు ఈ మూడింటిలో ఒక్కటీ సరిగా చెయ్యలేడు. నిజానికి బలశాలికే ఎక్కువ కష్టం.

ఈ పనిని విడదీసి, ఒక్కో ముక్కకూ పేరు పెట్టి, కొత్తవాళ్లకు అందేలా చేసినవాళ్లలో జోన్ వుల్ఫ్ పేరు ముందు చెప్పుకోవాలి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ప్యాటర్సన్ ఊళ్లో 1926లో పుట్టారు. తండ్రికి వేట, చేపల వేట సామాను అమ్మే దుకాణం ఉండేది. ఊళ్లోని కాస్టింగ్ (అంటే ఈ విసురు) క్లబ్బులో ఆయన సభ్యుడు. పదేళ్ల వయసులో, తండ్రి ఇంట్లో లేని వేళ, ఈ పిల్ల ఆయన రాడ్ తీసుకుని క్లబ్బు చెరువు దగ్గరికి వెళ్లింది. నాలుగు విసుర్లు పడ్డాయో లేదో, రాడ్ పై ముక్క ఊడి నీళ్లలో పడిపోయింది. పక్కింటాయన చెత్త లాగే పళ్ల కర్రతో గాలించి దాన్ని పైకి తీశాడు. సంగతి తెలిసిన తండ్రి తిట్టలేదు. కూతుర్ని తనతో పాటు క్లబ్బుకు తీసుకెళ్లడం మొదలుపెట్టాడు.

1943 నుంచి 1960 దాకా ఆమె గెలిచిన జాతీయ కాస్టింగ్ పోటీల జాబితా పెద్దదే. నా కంటికి ఆనేవి రెండు. 1951లో, దూరం విసిరే ఒక పోటీలో, అందరూ మగవాళ్లే ఉన్న బరిలో ఆమె మొదటి స్థానం కొట్టారు. 1960లో 161 అడుగులు విసిరారు. మన లెక్కలో దాదాపు 49 మీటర్లు. చెయ్యి బలమే అంతా అయితే ఈ అంకె రాకూడదు. ఆమె కొన్నేళ్లు డాన్స్ నేర్పారు. విసురు ఒక్క చేతి పని కాదనీ, పాదం నుంచి భుజం దాకా ఒళ్లంతా చేసే పని అనీ డాన్సు వల్లే తనకు తెలిసిందని చెప్పుకునేవారు. మగవాళ్లు భుజబలంతో కప్పిపుచ్చుకునే లోపాలు ఆమెకు కప్పిపుచ్చుకునే వీలు లేదు. అందుకే ప్రతి లోపాన్నీ బయటికి లాగి చూశారని నా అనుమానం.

ఇక ఆ విసురును దగ్గర్నుంచి చూద్దాం. అంతా కలిపి అర సెకను కూడా ఉండదు.

కార్కు పిడి మీద బొటనవేలు పైన, రాడ్ వెన్ను మీద ఆని ఉంటుంది. మిగతా వేళ్లు కింద చుట్టుకుని ఉంటాయి, బిగించి కాదు. ముందు విసురు మొదలయ్యేసరికి లైను వెనక చాపుకుని ఉంది. ముంజేయి ముందుకు కదలడం మొదలుపెడుతుంది. మెల్లగా మొదలై క్రమంగా వేగం అందుకుంటుంది. మణికట్టు ఇంకా ఏమీ చెయ్యదు. వెనక ఉన్న లైను బరువుకు రాడ్ వంగుతుంది. ఈ భాగానికి ఆమె పెట్టిన పేరు లోడింగ్ మూవ్. అది పూర్తవుతున్న క్షణాన బొటనవేలు మెత్త ముందుకు నెడుతుంది, కింది వేళ్లు వెనక్కి లాగుతాయి. రెండూ ఒకేసారి. పిడి చేతిలోనే చటుక్కున తిరిగి, అక్కడికక్కడే నిలిచిపోతుంది. దీనికి ఆమె పవర్ స్నాప్ అన్నారు. తడి చేతి నీళ్లు విదిలించేటప్పుడు చెయ్యి ఎలా ఠక్కున ఆగుతుందో అలా ఆగాలి. ఆ ఆగడంలోనే మర్మమంతా ఉంది. రాడ్ ఆగుతుంది, లైను ఆగదు. రాడ్ కొసను దాటి, దాని మీదుగా ముందుకు దూకుతుంది.

దూకిన లైను గాలిలో పక్కకు తిరిగిన మడతలా కనిపిస్తుంది. కింది పాయ రాడ్ కొసకు కట్టుబడి ఉంటుంది, పై పాయ పరుగెడుతుంది. పై పాయ పొట్టిదవుతూ, కింది పాయ పొడుగవుతూ ఆ మడత ముందుకు విప్పుకుంటూ పోతుంది. చివర్న సన్నటి నైలాన్ దారం, దాని కొసన ఈగ తిరగబడి నీటి మీద వాలుతుంది. బాగా కుదిరిన విసురులో ఈ మడత రెండు మూడడుగుల మందం మించదు. గాలిని కోసుకుంటూ పోతుంది. కుదరని విసురులో ఏడెనిమిది అడుగులు బార్లా తెరుచుకుని, సగం దూరంలోనే చతికిలబడుతుంది.

మడత సన్నగా రావాలంటే రాడ్ కొస గాలిలో తిన్నని గీత గియ్యాలి. చెయ్యేమో మోచేతి చుట్టూ, మణికట్టు చుట్టూ తిరిగేది. దాని గీత విల్లులా వంగక తప్పదు. మరి కొస తిన్నగా ఎలా పోతుంది? రాడ్ వంగుతుంది గనుక. విసురు మధ్యలో రాడ్ వంగి పొట్టిదవుతుంది, కొస కిందికి దిగుతుంది. ఆగేసరికి మళ్లీ చాపుకుంటుంది. చెయ్యి గీసిన విల్లును రాడ్ వంపు చదును చేస్తుంది. ఆ వంపు సరిగ్గా కావలసినంతే ఉండాలి. బలం మొదట్లోనే పెట్టేస్తే రాడ్ ముందే ఎక్కువగా వంగి కొస గీత మధ్యలో గుంట పడుతుంది. అప్పుడు పై పాయ కింది పాయకు తగిలి ముడి పడుతుంది. ఆ ముడిని చాలామంది గాలి మీదికి నెట్టి 'విండ్ నాట్' అంటారు. పాపం గాలికి ఏ పాపమూ తెలియదు. సన్నటి నైలాన్‌లో పడ్డ ఆ ముడి దాని బలాన్ని సగానికి సగం తినేస్తుంది.

కొత్తవాళ్ల చేతులు చేసే తప్పులు దేశమేదైనా ఒక్కటే. మణికట్టును వెనక్కి వదిలేస్తారు. రాడ్ నేలకు సమాంతరంగా వాలి, లైను వెనక గడ్డిలో పడుతుంది. అందుకే కొందరు గురువులు రాడ్ మొదలును చొక్కా చేతి గుండీ లోపల దూర్చి ఆడమంటారు. మణికట్టు వెనక్కి వంగితే గుడ్డ లాగి చెబుతుంది. రెండో తప్పు తొందర. వెనక లైను విప్పుకోకముందే ముందుకు లాగితే టప్పున చప్పుడొచ్చి ఈగ తెగిపోతుంది. ఎంతసేపు ఆగాలని అడిగితే సెకన్లలో జవాబు లేదు. లైను ఎంత పొడవుంటే అంతసేపు. తల తిప్పి వెనక్కి చూస్తే తెలిసిపోతుంది. అదేం సిగ్గుపడాల్సిన పని కాదు. ఆరితేరినవాళ్లు కూడా చూసుకుంటారు.

పాత పద్ధతి వేరు. గడియారం ముఖం ఊహించుకుని పదింటికీ రెండింటికీ మధ్య రాడ్‌ను ఆడించమనేవారు. నార్మన్ మెక్లీన్ 1976లో రాసిన 'ఎ రివర్ రన్స్ త్రూ ఇట్'లో మత బోధకుడైన తండ్రి మెట్రోనోమ్ పెట్టి కొడుకులకు నాలుగు లెక్కల తాళంలో నేర్పేది ఈ పద్ధతే. తాళం మంచిదే, గడియారంతోనే పేచీ. లైను పొడవు పెరిగితే రాడ్ తిరిగే మేరా పెరగాలి. పది, రెండు అని గీతలు గీసుకున్న చెయ్యి ఆ మాట వినదు. లెఫ్టీ క్రే వంటి కాస్టింగ్ గురువులు 1960ల నుంచే దీన్ని కాదంటూ వచ్చారు. ఆ పుస్తకం 1992లో సినిమా అయ్యాక అమెరికాలో ఎంతోమంది ఫ్లై రాడ్లు కొన్నారు. అందులో నటుడి బదులు విసిరింది జేసన్ బోర్గర్. ఎండలో మెరుస్తూ నీటి మీద సుడులు తిరిగే ఆ లైను కన్నుల పండుగే, ఒప్పుకుంటాను. కానీ మొదటి రోజే అది చెయ్యబోయినవాళ్ల టోపీల్లో ఎన్ని కొక్కేలు దిగాయో!

జోన్ వుల్ఫ్ 1967లో లీ వుల్ఫ్‌ను పెళ్లాడారు. ఆయనా ఈ రంగంలో దిగ్గజమే. జేబుల మీద జేబులున్న చేపల వేట చొక్కా ఆయన చలవే. 1979లో ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో, బీవర్‌కిల్ నది మీదున్న లూ బీచ్‌లో బడి పెట్టారు. 1987లో ఆమె పుస్తకం వచ్చింది. లోడింగ్ మూవ్, పవర్ స్నాప్ అన్న పేర్లు జనంలోకి వెళ్లింది దాని ద్వారానే. పేర్లు పెడితే ఒరిగేదేమిటని అడగొచ్చు. 'నేను చేసేది చూసి చెయ్యి' అనే గురువు దగ్గర, చూసినా చెయ్యలేని శిష్యుడికి దారి లేదు. 'నీ లోడింగ్ మూవ్ బాగుంది, స్నాప్ ముందే వస్తోంది' అన్న గురువు దగ్గర ఉంది. పోటీలో ఆమె విసిరిన 161 అడుగుల కంటే నాకు ఇదే పెద్ద పనితనంగా తోస్తుంది. ఆ దూరం ఆమె ఒక్కరిదే, ఈ మాటలు ఇంకొకరి చేతికి అందాయి. పైగా చేపలు చాలావరకు నలభై అడుగుల లోపే దొరుకుతాయి.

మన దేశంలో ఈ విద్యకు పనికొచ్చే, ట్రౌట్ చేపలుండే నీళ్లు కశ్మీర్‌లోని లిడ్డర్‌లో, హిమాచల్‌లోని తీర్థన్‌లో ఉన్నాయి. అక్కడ పర్మిట్ తీసుకుని వెయ్యాలి. కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాళ్లకు ఇంకా దగ్గర. శాన్‌ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో, అడవి దున్నల దొడ్డికి ఎదురుగా, విసురు నేర్చుకోవడానికే 1938లో కట్టిన సిమెంటు కొలనులు మూడున్నాయి. ఎవరైనా వెళ్లి సాధన చేసుకోవచ్చు. అంత దూరం పోలేనివాళ్లకు వెనకా ముందూ చెట్లు లేని గడ్డి మైదానం చాలు. కొక్కెం వద్దు, ఈగకు బదులు చిన్న ఊలు పోగు కట్టండి. గంటలకొద్దీ వద్దు, చెయ్యి అలసిపోయాక నేర్చుకునేవి తప్పులే. పావుగంట చేసి ఆపెయ్యండి, రేపు మళ్లీ చెయ్యండి. పక్కన చూసే మనిషి ఒకరుంటే మరీ మంచిది, వెనక ఏం జరుగుతోందో చెబుతారు. కళ్లజోడు, టోపీ మాత్రం మరవకండి.