అరుదైన పిట్టకు పునాది రోజూ కనిపించే పిట్టే

సెలవురోజు పొద్దున్నే పిల్లలతో చెరువుగట్టుకో ఊరవతలి తోటలోకో వెళ్లి, కనిపించిన పిట్టలన్నిటినీ లెక్కరాసుకునే అలవాటు తెలుగునాట మెల్లగా వేళ్లూనుకుంటోంది. హైదరాబాద్ పక్కన అమీన్‌పూర్ చెరువు, గుంటూరు దగ్గర ఉప్పలపాడు, సూళ్లూరుపేట దగ్గర నేలపట్టు, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం ఇలాంటి వారాంతాలకు పేరున్న చోట్లు. ఈ అలవాటులో అందరినీ ఊరించేది ఆ జిల్లాలో ఎవరి జాబితాకూ ఎక్కని పిట్టను తొలిసారి నమోదు చేసే సంతోషం. దాన్ని చాలామంది అదృష్టం ఖాతాలో వేస్తారు. కాకులనూ గోరింకలనూ ఓపికగా రాసుకున్నవారికే ఆ సంతోషం దక్కుతుంది, వారి చేతిలోనే దానికి విలువ వస్తుంది అని నా వాదన. మామూలు పిట్టల లెక్క లేనిచోట అరుదైన పిట్ట ఒక కబురుగా మిగిలిపోతుంది.

ఇందుకు మన గడ్డ మీదే గట్టి నిదర్శనం ఉంది. కలివికోడి అనే అరుదైన పిట్టను 1848 ప్రాంతంలో టి.సి. జెర్డాన్ అనే వైద్యుడు శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. 1900లో అనంతపురం దగ్గర కనిపించాక దాని జాడ లేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, పిట్టలు పట్టడంలో చెయ్యి తిరిగిన ఐతన్న అనే స్థానికుడు రాత్రిపూట టార్చిలైటు వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున అక్కడ గాలిస్తున్న భరత్ భూషణ్ ఆ సంగతిని లోకానికి తెలియజేశారు. వయసు మీదపడిన పక్షిశాస్త్రవేత్త సాలిం అలీ కూడా ఆ వార్త విని కడపకు తరలివచ్చారు. పైకి ఇది అదృష్టంలా కనిపిస్తుంది. కానీ ఆ చిట్టడవిలో కంజులూ కౌజులూ ఎలా కదులుతాయో, ఏ పిట్ట ఏ పొద దాపున నిలుస్తుందో ఏళ్ల తరబడి గమనించిన కన్ను కాబట్టే, వాటిలో కలవని పిట్టను అది పోల్చుకుంది. ఆ తర్వాత పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, తెల్లారాక దాని మీద పడిన కాలిముద్రలు చూసి కలివికోడి ఎక్కడ తిరుగుతోందో పోల్చారు. ఏ ముద్ర ఏ పిట్టదో తెలియాలంటే మిగతా పిట్టల ముద్రలన్నీ ముందే తెలిసి ఉండాలి. అలా పోగైన ఆధారాలే తెలుగుగంగ కాల్వ దారిని కలివికోడి నివాసం మీదుగా పోకుండా మళ్లించడానికి పనికొచ్చాయి.

కుటుంబాలతో సహా జనం కలిసి పిట్టలను లెక్కపెట్టే సంప్రదాయం పాతదే. అమెరికాలో క్రిస్మస్ రోజున పోటీలు పడి పిట్టలను వేటాడే ఆచారానికి బదులుగా, వాటిని లెక్కపెడదామని పక్షిశాస్త్రవేత్త ఫ్రాంక్ చాప్‌మన్ పిలుపునిస్తే 1900 డిసెంబర్ 25న 27 మంది ముందుకొచ్చారు. ఆ లెక్కింపు నేటికీ సాగుతోంది. 1998లో మొదలైన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పిట్టల లెక్కింపులో 2013 నుంచి మనదేశం కూడా పాలుపంచుకుంటోంది. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు, కనీసం 15 నిమిషాలు ఒకచోట గమనించి జాబితా పంపితే చాలు. మేడ మీద నుంచి చూసినా సరే.

ఈ పనిలో మొదటి మెలకువ జాబితాను పూర్తిగా రాయడం. నచ్చిన పిట్టను రాసి కాకిని వదిలేస్తే ఆ జాబితా సగం చచ్చినట్టే. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంతసేపు చూశారు, ఎంతదూరం నడిచారు, ఏ పిట్టలు ఎన్నెన్ని ఉన్నాయి అన్నవి నాలుగూ ఉండాలి. అలా రాసినప్పుడు, జాబితాలో లేని పిట్ట ఆ పూట కంటబడలేదన్న సంగతి కూడా నమోదైనట్టే. వంద పూర్తి జాబితాల్లో ఒక పిట్ట ఎన్నిటిలో ఉందో ఏటేటా పోల్చి చూస్తే, అది పెరుగుతోందో తరుగుతోందో తేలుతుంది. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక ఇలాగే తయారైంది. సుమారు 30,000 మంది పంపిన మూడు కోట్ల నమోదుల ఆధారంగా 942 జాతుల స్థితిని అంచనా కట్టి, 178 జాతులను అత్యవసరంగా కాపాడుకోవాలని అది చెప్పింది. దసరానాడు మనం వెతికి మరీ చూసే పాలపిట్ట దీర్ఘకాలంలో 30 శాతానికి పైగా తగ్గిందని, దాని స్థితిని మళ్లీ మదింపు చెయ్యాలని కూడా చెప్పింది. కరెంటు తీగ మీద కనబడ్డ ప్రతి పాలపిట్టనూ విసుక్కోకుండా రాసినవారు లేకపోతే ఈ సంగతి బయటపడేదే కాదు.

రెండో మెలకువ చూసే తీరు. తెల్లవారిన తొలి రెండు గంటలు పిట్టలు చురుగ్గా ఉంటాయి. కొత్తపిట్ట కనబడగానే పుస్తకం తిరగేయకూడదు, కళ్లు దాని మీదే నిలపాలి. పిచ్చుకంత ఉందా, గోరింకంతా, కాకంతా అని తెలిసిన పిట్టతో పోల్చాలి. ముక్కు పొడవు, తోక తీరు, కంటి మీది గీత, నేల మీద నడుస్తోందా గెంతుతోందా అన్నవి అక్కడికక్కడే రాసుకోవాలి. ముందే బొమ్మ చూస్తే, చూడనిది కూడా చూసినట్టు మనసు నమ్మిస్తుంది. గుంపును లెక్కించాలంటే ముందు పదింటిని గుర్తుపట్టి, అలాంటి పదులు ఎన్నో అంచనా వెయ్యాలి. ఇక్కడే కుటుంబం అక్కరకొస్తుంది. వయసుతోపాటు సన్నటి కూతలు వినే శక్తి తగ్గుతుంది కాబట్టి పిల్లల చెవి పెద్దల చెవికి అందనిదాన్ని పట్టుకుంటుంది. అమ్మమ్మ, తాతయ్యలకు తీతువు కూత, జెముడుకాకి పిలుపు చిన్ననాటి నుంచీ తెలుసు. ఒకరు చూస్తే ఒకరు వింటారు, ఒకరు రాస్తారు. ఒకరి పొరపాటును మరొకరు దిద్దుతారు.

అరుదైన పిట్ట అనిపించినప్పుడు తన మాటను తానే శంకించడం మూడో మెలకువ. ముందుగా దాన్ని పోలిన మామూలు పిట్టలన్నిటినీ ఒక్కొక్కటిగా తోసిపుచ్చాలి. ఎండపొడ రంగును మార్చిందా, ఇది పూర్తి రంగులు రాని పిల్లపిట్టా అని అడగాలి. ఫొటో మసగ్గా ఉన్నా, ఫోనులో రికార్డు చేసిన కూత అయినా ఆధారమే. జాబితాలు పంపే ఈబర్డ్ అనే ఆన్‌లైన్ వేదికలో ఆ ప్రాంతానికీ ఆ కాలానికీ పొసగని నమోదు వస్తే, స్థానిక సమీక్షకులు వివరాలు అడుగుతారు. దాన్ని అవమానంగా భావించకూడదు. ఆ ప్రశ్నకు నిలిచాకే మన సంతోషం పదిమంది నమ్మగలిగే సత్యమవుతుంది.

పిల్లలూ కొత్తవారూ రాసే లెక్కలను శాస్త్రం ఎలా నమ్ముతుందని కొందరి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. తప్పులు ఉంటాయి కాబట్టే సమీక్ష ఉంది, లక్షల జాబితాలను కలిపి చూడటం ఉంది. పైగా గుర్తుపట్టలేని పిట్టను గుర్తుపట్టలేదనే రాయమని ఈ సంప్రదాయం నేర్పుతుంది. తెలియదని ఒప్పుకోవడం నేర్చిన పిల్లవాడి జాబితా, అన్నీ తెలుసనుకునే పెద్దమనిషి జాబితా కన్నా నమ్మదగినది. ఇది ఖరీదైన కెమెరాలున్నవారి వేడుక అని మరికొందరంటారు. కలివికోడిని మళ్లీ చూపించినవాడి చేతిలో ఉన్నది టార్చిలైటు. నోటుపుస్తకం, పెన్సిలు, ఓపిక ఉంటే పని మొదలవుతుంది, దుర్భిణి తర్వాత కొనుక్కోవచ్చు.

అరుదైన పిట్ట కబురు పొక్కితే జనం ఎగబడి దాన్ని బెదరగొడతారన్న ఆక్షేపణ అన్నిటికన్నా బరువైనది. ఇది నిజంగా జరిగే కీడే. గూటి దగ్గరికి వెళ్లి ఫొటోలు తీయడం, రికార్డు చేసిన కూత పదేపదే వినిపించి పిట్టను రప్పించడం దానికి ప్రాణాంతకం కావచ్చు. ఆపదలో ఉన్న జాతుల చోటును ఈబర్డ్ బయటపెట్టదు. అదే నియమం కుటుంబాలకూ ఉండాలి. పిట్ట తీరు మారిందంటే మనం మరీ దగ్గరికి వెళ్లినట్టే, వెనక్కి రావాలి. గూళ్ల జాడ ఎవరికీ చెప్పకూడదు. అయితే కీడు జరుగుతుందని నమోదే మానేస్తే, కాపాడేవారి చేతిలో ఆధారం ఉండదు. బట్టమేకపిట్ట కోసం 1988లో రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడిందంటే, అది అక్కడ ఉందని ఎవరో చూసి రాసి పెట్టినందువల్లే. చోటు గుట్టుగా ఉంచి, ఆధారం భద్రపరచడమే సరైన దారి.

అందుకే అరుదైన పిట్ట కోసం దూరాలు పరుగెత్తే ముందు, మీ ఊరి చెరువును ఏడాదంతా గమనించండి. నెలకో ఆదివారం, అదే గట్టు మీద, అదే వేళకు పిల్లలతో నడవండి. కాకితో సహా అన్నీ రాయండి. ఎప్పుడో ఒకనాడు కొత్తపిట్ట వస్తే, అది కొత్తదని చెప్పగలిగే హక్కు మీ జాబితాలు మీకిస్తాయి. రాకపోయినా, ఆ చెరువులో ఏయే పిట్టలు బతికాయో రేపటివారికి చెప్పే పత్రం మీ ఇంట్లో ఉంటుంది.