ఖుత్బాలో అలంకారం: వినేవాడి అక్కర

అరబ్బీ బలాగత్ పదాలను తెలుగు చేయబూనినవారికి మన అలంకారశాస్త్రం కొంతదూరం తోడు వస్తుంది. తష్‌బీహ్ అంటే ఉపమ. జినాస్‌కు యమకం దగ్గర. ఇస్తిఆరాను మాత్రం రూపకమని సరిపెట్టడం తగదు. రూపకంలో ఉపమేయం, ఉపమానం రెండూ కనిపిస్తాయి. ఉపమేయాన్ని పూర్తిగా మరుగుపరిచే ఇస్తిఆరాకు రూపకాతిశయోక్తి సరైన జోడు. సజఅ సైతం వట్టి అంత్యప్రాస కాదు. అది వచనానికి చెందినది, వక్త ఊపిరి తీసుకొనే చోటును గుర్తుచేసేది.

అయితే పేర్లు కుదిరినంత మాత్రాన శాస్త్రం చేతికి రాదు. బలాగత్‌కు ప్రాణం ‘ముక్తజల్ హాల్’, అంటే సందర్భం కోరినట్లు మాట్లాడటం. అలంకారం దానికి సేవకురాలు.

జాహిజ్ (మరణం హి. 255) తన ‘అల్ బయాన్ వత్తబ్యీన్’లో దైవస్తుతితో మొదలుకాని ఖుత్బాను ‘బత్రా’, అనగా తోకతెగినది, అనేవారని తెలిపాడు. హి. 45 (క్రీ.శ. 665)లో బస్రా గవర్నరుగా వచ్చిన జియాద్ ప్రసంగానికి ఆ పేరే స్థిరపడింది. స్తుతికై ఎదురుచూసిన చెవులకు తిన్నగా హెచ్చరికే వినిపించింది. అక్కడ లోపమే ఆయుధమైంది. వక్త కాఠిన్యం మొదటి మాటలోనే తెలిసిపోయింది.

దీనికి భిన్నమైనది వాసిల్ ఇబ్నె అతా (మరణం హి. 131) ఉదాహరణ. ‘రా’ అక్షరం సరిగా పలకని ఆయన, ఆ అక్షరమున్న పదాలనే విడిచి ప్రసంగించేవాడు. గోధుమలను ‘బుర్ర్’ అనక ‘ఖమ్‌హ్’ అనేవాడు. ఇంతటి పద నైపుణ్యం కూడా ప్రదర్శన కోసం పుట్టలేదు. వినేవారి దృష్టి నాలుక తడబాటుపైకి పోక విషయంపై నిలవాలన్న అవసరంలోంచి పుట్టింది.

అబ్దుల్ ఖాహిర్ జుర్జానీ (మరణం హి. 471) ‘అస్రారుల్ బలాగా’లో ఈ సంగతినే సూత్రీకరించాడు: అర్థం పిలిస్తే వచ్చిన జినాస్, సజఅలే శోభిస్తాయి, బలవంతాన తెచ్చినవి అర్థాన్ని చెరుస్తాయి.

ఈ గీటురాయిపై నేటి కొన్ని తెలుగు ప్రసంగాలు నిలవవు. “సత్యం, సహనం, సమత, సౌశీల్యం, సౌభ్రాతృత్వం” అంటూ సకారాలు దొర్లుతూనే ఉంటాయి; విన్న వర్తకుడు అంగడికి వెళ్ళి ఏమి మార్చుకోవాలో తెలియదు. “తూకం తగ్గించకు, కూలి ఆపకు” అన్న రెండు ముక్కల్లోనూ లయ ఉంది. చేయవలసిన పనీ ఉంది. సజఅను తెలుగులోకి తేదలచిన ఖతీబ్ ప్రాసను వెతకనక్కరలేదు. వినేవాడి బతుకులోని మాటను వెతికితే చాలు; లయ తనంతట తానే వస్తుంది.