హోదా ఒకరిది, అనుభవం ఒకరిది: నేర ధారావాహికల్లో పోలీసు జంట

అనుభవమున్న పోలీసు, ఉద్యోగంలో కొత్తగా చేరిన పోలీసు కలిసి పనిచేయడం టెలివిజన్ నేర ధారావాహికల్లో మీకు తరచు కనిపించే పద్ధతి. 1968లో అమెరికాలో మొదలైన ‘ఆడమ్-12’లో లాస్ ఏంజిలిస్ పోలీసు మల్లాయ్, కొత్తవాడైన రీడ్ ఒకే కారులో గస్తీ తిరుగుతారు. కొత్తవాడు అడుగుతాడు, పాతవాడు చెబుతాడు. ఆ మాటల ద్వారా ప్రేక్షకుడికీ వృత్తి మర్మాలు తెలుస్తాయి.

ఈ నమూనా మన పోలీసు స్టేషనుకు ఉన్నదున్నట్టు సరిపోదు. ఎందుకో గమనించండి. పరీక్ష రాసి నేరుగా ఎస్సైగా వచ్చిన యువకుడికి అధికారం ఉంటుంది. ఏళ్ల తరబడి పనిచేసిన హెడ్ కానిస్టేబులుకు ఊరు తెలిసి ఉంటుంది. తెలిసినవాడే తెలియనివాణ్ణి ‘సార్’ అనాలి. హిందీ ధారావాహిక ‘పాతాళ్ లోక్’ ఈ తిరకాసును బాగా పట్టుకుంది. 2020 నాటి మొదటి భాగంలో ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ కింద పనిచేసిన అన్సారీ, 2025లో వచ్చిన రెండో భాగంలో ఐపీఎస్ అధికారిగా అతనికి పైవాడవుతాడు.

ఇప్పుడు కర్నూలు, కడప నేపథ్యానికి వద్దాం. 2003 నాటి ‘ఒక్కడు’ చిత్రంలో కథానాయకుడి తండ్రి పోలీసు అధికారి. అయినా కర్నూలులో ఆపదలో ఉన్న అమ్మాయిని కాపాడేది కబడ్డీ ఆటగాడైన కొడుకే. ఫ్యాక్షన్ చిత్రాల్లో పోలీసులు తరచు అంతా అయిపోయాక వస్తారు, కానిస్టేబులు నవ్వించడానికి ఉంటాడు. ఊరి గుట్టు తెలిసినవాణ్ణి హాస్యానికి వాడుకుంటే, సీమలో చట్టంతో పని జరగదనే ముద్ర బలపడుతుంది. 2022లో జీ5లో వచ్చిన ‘రెక్కీ’ పొరుగునున్న తాడిపత్రిని నేపథ్యంగా తీసుకుని, ఎస్సై లెనిన్ దర్యాప్తును కథకు కేంద్రం చేసింది. దర్యాప్తు కేంద్రంలోకి వచ్చినప్పుడే స్టేషనులోని పాత, కొత్త మనుషులకు కథలో చోటు దొరుకుతుంది.

ఇలాంటి కథను అంచనా వేసేటప్పుడు ఒక ప్రశ్న వేసుకోండి: పెద్దవాడు చిన్నవాడికి అందిస్తున్నది ఏమిటి? ఏ ఇల్లు ఏ వర్గానిదో, సాక్షి ఎవరికి భయపడతాడో సీనియరుకు తెలుసు. ఆ ఎరుక దర్యాప్తుకు దారి చూపవచ్చు. ‘ఇక్కడ ఇంతే సార్, చూసీచూడనట్టు పోవాలి’ అనే సలహాగానూ మారవచ్చు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని చూపగలిగిన కథ బలమైనది. అతణ్ణి ఉత్త గురువుగానో, ఉత్త లంచగొండిగానో చూపితే కొత్తవాడు తేల్చుకోవలసినదేమీ మిగలదు.

అభ్యాసం: మీరు చూసిన ఒక నేర ధారావాహికలో కొత్త పోలీసు తన సీనియరు నుంచి ఏది నేర్చుకున్నాడు, దేన్ని కాదన్నాడు? పది వాక్యాల్లో రాయండి.