తుంచితేనే గుబురు

ఊదారంగు ఆకుల ట్రాడెస్కాంటియాను డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకునేవాళ్లు తక్కువే. కడియం నర్సరీల్లో పర్పుల్ హార్ట్ పేరుతో కవర్లలో పేర్చి అమ్ముతారు, అక్కణ్నుంచి డివైడర్లకూ పార్కులకూ పోతుంది. ఇళ్లలోకి మాత్రం పక్కింటి పిన్నిగారు తుంచి ఇచ్చిన కొమ్మగానే వస్తుంది. మా బాల్కనీలో ఊదాదీ, ఇదే జాతికి చెందిన వెండి చారల జీబ్రీనా, ఆకు పైన పచ్చగా అడుగున ఊదాగా ఉండే రియో, అన్నీ అలా చేరినవే.

ఇచ్చినవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఈ మొక్కకు నీళ్లకన్నా తుంచడం ముఖ్యం. దాని మానాన వదిలేస్తే తీగ సాగిపోతుంది, మొదలు దగ్గర ఆకులు ఎండి రాలతాయి, చివర నాలుగు ఆకులు మిగిలి కుండీ బోసిపోతుంది. "పెరిగేదాన్ని చేతులారా ఎలా తుంచేది?" అని జాలిపడేవాళ్ల కుండీలన్నీ ఇలాగే ఉంటాయి. చివరి చిగురు పోతే కింది కణుపుల్లో నిద్రపోతున్న మొగ్గలు లేస్తాయి. తుంచిన ముక్కకు అడుగు ఆకులు తీసి, కణుపు మట్టిలోకి దిగేలా అదే కుండీలో గుచ్చాలి. ప్రతి కణుపూ వేరు పోస్తుంది. రియోకైతే పక్కన వచ్చే పిలకలు విడదీసుకోవాలి. నీడలో ఊదారంగు వెలిసి పచ్చబడుతుంది కాబట్టి ఎండ తగలాలి. మట్టి చిత్తడిగా ఉంటే కాడ కుళ్లుతుంది. రసం తగిలితే కొందరికి దురద పెడుతుంది, కుక్కలకూ అంతే, అవి ఉన్న ఇంట్లో కుండీ ఎత్తున పెట్టడం మేలు.

పొద్దుగూకాక మొక్కను ముట్టుకోకూడదని మా అత్తయ్య నియమం. నాకు అభ్యంతరం లేదు, దీన్ని చూడాల్సింది పొద్దున్నే కదా. మూడు రేకుల పువ్వు ఉదయం విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. రేకులు రాలవు, తడితడిగా కరిగి ముద్దవుతాయి. భూతద్దం పెడితే కేసరాల మీది నూగు పూసలదండలా కనిపిస్తుంది, ఒక్కో పూస ఒక్కో కణం. నీలిపూల రకాల్లో కొన్నిటికి రేడియేషన్ సోకితే ఈ కణాలు గులాబీరంగుకు మారతాయి. ఆ గుణం కోసమే 1967లో నాసా బయోశాటిలైట్-2లో ట్రాడెస్కాంటియాను అంతరిక్షానికి పంపింది. ఇంగ్లండులో మొదటి చార్లెస్ రాజు తోటమాలి ఇంటిపేరు పెట్టుకున్న మొక్కకు ఇదేమీ చిన్న ప్రయాణం కాదు.

తుంచినవన్నీ ఏం చేయాలన్నదే అసలు చిక్కు. అడిగినవారికి ఇవ్వగా మిగిలినవి కాలవలోనో ఖాళీ స్థలంలోనో విసిరేయకండి. న్యూజీలాండ్‌లో దీని దాయాది ఫ్లుమినెన్సిస్ విరిగిన ముక్కల నుంచే మొలిచి, అడవి నేలంతా పరుచుకుని, చెట్ల మొలకలను పైకి రానివ్వడం లేదు. నేను ముక్కలను ఎండలో కరకరలాడేదాకా ఎండబెట్టాకే కంపోస్టులో వేస్తాను.

వానలు పడగానే వీటి మధ్య వెన్నదేవికూర కూడా తలెత్తుతుంది. అదీ ఈ కుటుంబమే. చేలల్లో గుంటక తోలితే తెగిన ముక్కలు మళ్లీ బతుకుతాయని రైతులు దాన్ని తిట్టుకుంటారు. నేనూ వేళ్లతో సహా పీకేస్తాను, నీలిపువ్వు విచ్చి ఉంటే మధ్యాహ్నం దాకా గడువిస్తాను. అది మట్టికింద కూడా పూస్తుంది కాబట్టి, ఆలోగా గింజ కట్టేసుకునే ఉంటుందనుకోండి.