మాట రాని బిడ్డ కడుపునొప్పి

నడక వచ్చిన బిడ్డ రెండేళ్లకల్లా మళ్లీ తూలుతూ, నేర్చిన మాటలు పోగొట్టుకుంటుంటే అందరి కళ్లూ మెదడు మీదే ఉంటాయి. ఎమ్మారై తీస్తారు. మెటాక్రోమాటిక్ ల్యూకోడిస్ట్రఫీ అని తేలాక ఇల్లంతా కుంగిపోతుంది. పొట్ట స్కానింగ్ మాట ఎవరికీ గుర్తురాదు. ఒంగోల్లో స్కానింగ్ చేసే మనిషిగా నా బాధంతా అక్కడే.

అరిల్‌సల్ఫటేస్-ఎ అనే ఎంజైమ్ పనిచేయక సల్ఫటైడ్ అనే కొవ్వు నరాల పైపొరల్లో పేరుకోవడమే ఈ జబ్బు. అదే కొవ్వు పిత్తాశయం గోడలోనూ చేరుతుంది. గోడ మందమెక్కుతుంది, లోపల పాలిప్స్ లేస్తాయి. కొందరిలో రక్తం కారుతుంది, అరుదుగా క్యాన్సర్ కూడా వచ్చింది. నరాల లక్షణాలకంటే ముందే ఇవి బయటపడిన పిల్లలూ ఉన్నారు.

ఈ స్కాన్‌కి పరగడుపు ముఖ్యం. పాలు తాగితే పిత్తాశయం ముడుచుకుపోతుంది, మామూలు గోడే మందంగా కనిపిస్తుంది. కొత్తపట్నం నుంచి తెల్లారే బయల్దేరిన తల్లి, దారిలో బిడ్డ ఏడుస్తుంటే పాలు పట్టకుండా ఎలా ఉంటుంది? ఎన్ని గంటలు ఆపాలో ముందురోజే చెప్పి, మొదటి నంబరు వాళ్లకే ఇవ్వాలి. జెల్ కాస్త వెచ్చగా ఉండాలి. స్కాన్ చేస్తూనే బిడ్డను ఎడమపక్కకు ఒత్తిగిలిస్తాను. రాయి అయితే సాధారణంగా జారుతుంది, వెనక నల్లటి నీడ పడుతుంది. చిక్కబడిన పైత్యరసం మెల్లగా కదులుతుంది. పాలిప్ గోడను వదలదు, నీడా వేయదు. ఆ తేడా పట్టుకోవడానికి తొందరపడకూడదు, బయట ఎంతమంది కూర్చున్నా సరే.

“ఊరికే ఏడుస్తా ఉంటాడు సార్. జబ్బుతోనే అంటన్నారు” అంటారు తల్లులు. కండరాల బిగుతువల్లా ఏడవచ్చు. కానీ నొప్పి ఎక్కడో చెప్పలేని బిడ్డ విషయంలో, పొట్ట చూడకుండా ఆ మాట అనే హక్కు మనకు లేదు.

ఈ జబ్బుకి జన్యుచికిత్స వచ్చింది. యూరప్ 2020లో, అమెరికా 2024లో అనుమతించాయి. అమెరికాలో ధర 42.5 లక్షల డాలర్లు. పసితనంలోనే మొదలయ్యే రకంలో లక్షణాలు కనపడకముందే ఇవ్వాలి. మన బిడ్డలకు అదెప్పుడు అందుతుందో! పొట్ట స్కాన్ మాత్రం ఇవాళే అందుబాటులో ఉంది, కొన్ని వందల రూపాయల్లో.

పాలిప్ కనపడితే రిపోర్టు చేతికిచ్చి పంపేయకుండా పిల్లల సర్జన్‌కి నేనే ఫోన్ చేస్తాను. మింగడం కష్టమైన బిడ్డకు మత్తు ఇవ్వడం తేలిక కాదు, మత్తు డాక్టరూ ముందే చూడాలి. పిత్తాశయం తీయాలా, కనిపెట్టుకుని ఉండాలా అన్నది తల్లిదండ్రులతో కూర్చుని తేల్చుకోవాలి.